కాపలాదారా, కెమెరాలా, తాళాలూ దీపాలా: యజమాని బాధ్యత దృష్ట్యా ఏది మేలు?

అద్దెకిచ్చిన భవనంలోనో దుకాణ సముదాయంలోనో బయటివాడెవడో చొరబడి దాడి చేస్తే, భద్రత చాలలేదంటూ బాధితులు యజమాని మీద నష్టపరిహారానికి దావా వేయవచ్చునన్న సంగతి చాలామందికి తెలిసిందే. పదే పదే ఎదురవుతున్న ప్రశ్న వేరు. చేతిలో ఉన్న డబ్బును కాపలాదారు మీద పెట్టాలా, కెమెరాల మీద పెట్టాలా, తాళాలూ దీపాలూ బాగుచేయిస్తే సరిపోతుందా?

నా ఉద్దేశంలో దీన్ని తేల్చే అంశం ఒక్కటే: ప్రమాదాన్ని ముందుగా ఊహించే అవకాశం ఎంత ఉంది, దాన్ని నివారించే ఏర్పాటు యజమానికి ఎంత భారం అన్న రెంటినీ కలిపి తూచడం. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1993లో పసిఫిక్ ప్లాజా షాపింగ్ సెంటర్ కేసులో ఈ పద్ధతినే అనుసరించింది. కాపలాదారులను పెట్టడం బాగా ఖర్చుతో కూడిన పని కనుక, నేరం జరగవచ్చునని అనుకోవడానికి బలమైన ఆధారం ఉంటే తప్ప ఆ బాధ్యతను యజమాని మీద మోపలేమని, అలాంటి నేరాలు ఆ ఆవరణలో మునుపు జరగకపోతే ఆ ఆధారం చూపడం కష్టమని చెప్పింది. ఇదే తర్కాన్ని తిరగేసి చూడండి. నాలుగు మరలు బిగిస్తే పడే గడియను నెలల తరబడి వదిలేసిన యజమానికి, ‘ఇక్కడ ఎప్పుడూ ఏమీ జరగలేదు’ అన్న జవాబు అంతగా అక్కరకు రాదు.

అందుకే నా మొగ్గు తాళాలూ దీపాల వైపే. వీధి తలుపు తనంతట తాను మూసుకుంటున్నట్టే కనిపించి చివరి అంగుళంలో ఆగిపోవడం, ఖాళీ చేసిన వారి దగ్గర మిగిలిన తాళంచెవి కొత్తవారి గదికీ పట్టడం, మెట్ల మలుపులో దీపం మాడిపోవడం వంటివి చిన్న లోపాలే అయినా, అద్దెదారు తేదీ వేసి రాసిచ్చిన ఫిర్యాదు ఒక్కటి జతపడితే యజమానికి ముందే తెలుసుననడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. బాగుచేయించిన తేదీ, పనివాడి రసీదు ఫిర్యాదులు రాసుకునే పుస్తకంలోనే ఉంటే ఆ పుస్తకమే యజమాని పక్షాన నిలుస్తుంది.

కాపలాదారు విలువను నేను తక్కువ చేయడం లేదు. ఈ మూడు ఏర్పాట్లలో మనిషిని ఆపగలిగేది మనిషే, మునుపు దాడులు జరిగిన చోట అతను తప్పనిసరి కూడా. అయితే ఒకసారి పెట్టిన కాపలాను తీసేయడం, అసలు పెట్టకపోవడం కంటే ప్రమాదకరం కావచ్చు. వాషింగ్టన్‌లోని 1500 మసాచుసెట్స్ అవెన్యూ భవనంలో 1959లో ద్వారపాలకుడు, ముందు హాలులోని బల్ల దగ్గర ఉద్యోగి ఉండేవారు. 1966 నాటికి ద్వారాల దగ్గర కాపలా సడలిపోగా, ఉమ్మడి నడవాల్లో నేరాలు మాత్రం పెరిగాయి. అక్కడ దాడికి గురైన అద్దెదారు కేసులో 1970లో అప్పీలు కోర్టు, యజమాని అందరి భద్రతకూ పూచీదారు కాకపోయినా, తన అధీనంలో ఉన్న ఉమ్మడి స్థలాల్లో సహేతుకమైన జాగ్రత్త తీసుకోవలసిందేనని తీర్పిచ్చింది. కనుక కొనసాగించగల స్తోమత ఉంటేనే కాపలాదారును పెట్టడం మంచిది.

కెమెరాలకు నేను ఇచ్చేది మూడో స్థానమే. అవి దోషిని పట్టుకోవడానికి పనికొస్తాయి గానీ, చూసేవారు లేనప్పుడు దాడిని ఆపలేవు. పైగా అనుమానాస్పద రాకపోకలు వాటిలో నమోదై ఉంటే, యజమానికి తెలిసే అవకాశం ఉండిందని వాది వాదించవచ్చు. పనిచేయని కెమెరా, ఉత్త డబ్బా కెమెరా మాత్రం వద్దే వద్దు. లేని రక్షణ ఉందని జనాన్ని నమ్మించడం అన్యాయం. హెచ్చరిక బోర్డుల విషయానికొస్తే, పెడితే పెట్టండి, అవి బాధ్యతను తీసేయవు.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆస్ట్రేలియాలో మాడ్‌బరీ ట్రయాంగిల్ షాపింగ్ సెంటర్ పార్కింగ్ స్థలంలో దీపాలు ఆర్పేసి ఉండగా అక్కడి దుకాణ ఉద్యోగిపై దాడి జరిగినా, మూడో వ్యక్తుల నేరాలను అదుపు చేసే బాధ్యత స్థలం యజమానికి సాధారణంగా ఉండదని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2000లో తేల్చింది. దేశాన్ని బట్టి చట్టం ఇంతగా మారుతుంది కనుక, స్థానిక న్యాయవాదిని అడగకుండా ఏ ఏర్పాటునూ తొలగించకండి.