మేత వేళ పంపును ఆపే టైమర్: 555, 4060, ఆర్డ్యూనోలలో ఏది మేలు?

అక్వేరియంలో మేత వేసే సమయానికి ఫిల్టరు పంపు నడుస్తూనే ఉంటే, రేకుల మేతలో చాలా భాగం చేపల నోటికి అందకముందే నీటి వాలుకు కొట్టుకుపోయి స్పాంజిలో చేరుతుంది, అక్కడే కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. అందుకే మేత వేళ పంపును పది నిమిషాలు ఆపడం మంచి అలవాటు. చేత్తో స్విచ్ ఆపడం తేలికే గాని, తిరిగి వేయడం మరిచిపోతేనే ముప్పు. బటన్ నొక్కగానే పంపును ఆపి, గడువు తీరాక తనంతట తానే నడిపించే సర్క్యూట్‌ను ఇంట్లోనే చేసుకోదలచినవారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: 555 టైమర్ ఐసీ, సీడీ 4060 కౌంటర్ ఐసీ, ఆర్డ్యూనో నానో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు).

వీటిని తూచడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. సర్క్యూట్ చెడిపోయిన రోజున పంపు నడుస్తూ మిగులుతుందా, ఆగిపోయి మిగులుతుందా? వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే అనంతపురంలో ఈ ప్రశ్నకు బరువు మరీ ఎక్కువ. 25 డిగ్రీల వద్ద నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 35 డిగ్రీల వద్ద ఆ పరిమాణం 7 లోపుకు పడిపోతుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. పది నిమిషాల విరామాన్ని చేపలూ, ఫిల్టరులోని మేలుచేసే బాక్టీరియా కూడా ఇబ్బంది లేకుండా తట్టుకుంటాయి. మే నెలలో ఉదయం ఆగిన పంపు సాయంత్రం దాకా అలాగే ఉండిపోతే మాత్రం తొట్టికే ప్రమాదం.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా రిలే (కాయిల్‌కు కరెంటు అందితే మారే స్విచ్) వైరింగు ఒకే తీరుగా ఉండాలి. పంపుకు వెళ్లే ఫేజ్ తీగను రిలేలోని కామన్, ఎన్.సి. (నార్మల్లీ క్లోజ్డ్, అంటే కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే) కాంటాక్టుల గుండా పంపాలి. అప్పుడు రిలే కాయిల్‌కు కరెంటు అందినప్పుడే పంపు ఆగుతుంది. అడాప్టర్ కాలిపోయినా, 12 వోల్టుల తీగ ఊడిపోయినా రిలే విడిపోయి పంపు నడుస్తూనే ఉంటుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్ తప్పనిసరి.

సిగ్నెటిక్స్ సంస్థ 1972లో మార్కెట్లోకి తెచ్చిన 555 ఐసీ చవకైనది, ఎక్కడైనా దొరుకుతుంది, నేర్చుకునేవారు మొదట చేతబట్టేది కూడా అదే. దాని లెక్క సులువు: రెసిస్టెన్స్‌నూ కెపాసిటెన్స్‌నూ గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 1.1తో గుణిస్తే కాలం వస్తుంది. 1.2 మెగా ఓముల రెసిస్టర్, 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే 620 సెకన్లు, అంటే పది నిమిషాల పైచిలుకు. కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. కాని అంత పెద్ద విలువకు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వాడక తప్పదు, చిక్కంతా అక్కడే ఉంది. 12 వోల్టుల సప్లైలో విరామం ముగియాలంటే కెపాసిటర్ 8 వోల్టులకు చేరాలి; ఆ చివరి ఘట్టంలో 1.2 మెగా ఓముల గుండా దానికి అందే కరెంటు మూడు మైక్రో ఆంపియర్ల చిల్లర మాత్రమే. 25 వోల్టుల రకం 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు మామూలుగా అనుమతించే లీకేజీ (కెపాసిటర్ లోపలి నుంచి వృథాగా జారిపోయే కరెంటు) హద్దు మాత్రం వంద మైక్రో ఆంపియర్లకు పైనే. మంచి కెపాసిటర్‌లో అసలు లీకేజీ అంతకంటే చాలా తక్కువగా ఉంటుందన్నది నిజమే, కాని పాతబడినకొద్దీ, వేడి పెరిగినకొద్దీ అది పెరుగుతుంది. వచ్చే కరెంటంతా లీకేజీకే సరిపోతే వోల్టేజి 8కి చేరదు, విరామం ఎన్నటికీ ముగియదు. అంటే ఎన్.సి. వైరింగు ఇచ్చిన రక్షణను ఈ కెపాసిటర్ వమ్ము చేస్తుంది, అదీ సరిగ్గా ఎండాకాలంలో. రెండు నిమిషాల విరామం చాలనుకునేవారికి 555 సరిపోతుంది. పది నిమిషాలకు నేను దాన్ని సిఫారసు చేయను.

సీడీ 4060 ఇదే పనిని వేరే పద్ధతిలో చేస్తుంది. ఇందులో ఒక ఆసిలేటరు (ఒకే లయలో స్పందనలు పుట్టించే భాగం), దాని వెనుక 14 అంచెల కౌంటర్ ఉంటాయి. దీర్ఘకాలాన్ని ఒకే కెపాసిటర్ మీద మోపకుండా చిన్న చిన్న స్పందనలను లెక్కపెడుతుంది. 0.1 మైక్రోఫారడ్ పాలియెస్టర్ కెపాసిటర్, 330 కిలో ఓముల రెసిస్టర్ పెడితే ఒక్కో స్పందన సుమారు 76 మిల్లీసెకన్లు. 8192 స్పందనల తరువాత చివరి అవుట్‌పుట్ పైకి లేస్తుంది, అంటే సుమారు 10 నిమిషాల 22 సెకన్లకు. పాలియెస్టర్ కెపాసిటర్‌లో లీకేజీ లెక్కలోకి రానంత తక్కువ. బటన్‌ను రీసెట్ పిన్నుకు కలిపి, చివరి అవుట్‌పుట్ కింద (సున్నా వోల్టుల దగ్గర) ఉన్నంతసేపూ ఒక బీసీ 557 ట్రాన్సిస్టర్ ద్వారా రిలేను పట్టి ఉంచాలి. అవుట్‌పుట్ పైకి లేచాక ఒక 1ఎన్ 4148 డయోడ్ ఆసిలేటరును నిలిపివేస్తుంది. దీనిలో ఒక లోటు ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కౌంటర్ ఏ అంకె నుంచి మొదలవుతుందో చెప్పలేం కాబట్టి, పంపు మళ్లీ పది నిమిషాల దాకా ఆగి ఉండవచ్చు. గాలివాన సాయంత్రాల్లో కరెంటు మాటిమాటికీ పోయి వచ్చే వీధుల్లో ఇది తీసిపారేయదగినది కాదు.

ఆ ఒక్క విషయంలో ఆర్డ్యూనోదే పైచేయి: కరెంటు రాగానే పంపు నడవాలని ప్రోగ్రాములోనే రాయవచ్చు. ఫిల్టరును పది నిమిషాలు, వేవ్ మేకర్‌ను (తొట్టిలో అలలు పుట్టించే పంపును) పదిహేను నిమిషాలు ఆపడం వంటివీ దీనితోనే సాధ్యం. కాని ప్రోగ్రాము నడిచే ఏ బోర్డయినా మోటారు స్విచింగు నాయిస్‌కు స్తంభించవచ్చు. రిలే పట్టి ఉన్న క్షణంలో అలా జరిగితే పంపు ఆగే ఉంటుంది. అందుకే బోర్డులోని వాచ్‌డాగ్ టైమర్‌ను 8 సెకన్లకు పెట్టుకోవాలి. స్తంభించిన బోర్డు దానితో తనంతట తానే రీసెట్ అవుతుంది. బోర్డు ఉంచుకునే మిల్లీసెకన్ల లెక్క దాదాపు 49.7 రోజులకొకసారి సున్నాకు తిరుగుతుంది కాబట్టి, రెండు సమయాలను నేరుగా పోల్చకుండా వాటి తేడాను గడువుతో పోల్చాలి. ఈ రెండు జాగ్రత్తలూ లేని ప్రోగ్రాముకు తొట్టిని అప్పగించరాదు.

చేసుకునే బదులు కొందామంటే, రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్గులు కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోయేలా సెట్ అయి ఉండవచ్చు. పావుగంట పళ్లున్న మెకానికల్ టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగి, ఆ మేరకు వెనకబడుతుంది.

నా తీర్పు ఇది: ఒకే తొట్టి, ఒకే పంపు ఉన్న ఇంటికి 4060 మేలు. పంపులు రెండు మూడున్నా, కరెంటు తరచుగా పోతున్నా వాచ్‌డాగ్‌తో కూడిన ఆర్డ్యూనో నానో మేలు. విడిభాగాలు ఊళ్లో దొరక్కపోతే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో అన్నీ దొరుకుతాయి.

దేనిని ఎంచుకున్నా గాలి పంపును మాత్రం ఈ టైమర్‌కు కలపకండి. దాన్ని నేరుగా ప్లగ్గులోనే ఉంచితే టైమర్ ఎలా చెడినా చేపలకు గాలి అందుతుంది. తడిచేత్తో నొక్కే బటన్ 12 వోల్టుల వైపే ఉండాలి. ఆ 12 వోల్టులు ఐసోలేటెడ్ (మెయిన్స్ కరెంటుతో నేరుగా కలవని) అడాప్టర్ నుంచే రావాలి గాని, మెయిన్స్‌తో నేరుగా కలిసి ఉండే కెపాసిటర్ డ్రాపర్ సప్లై నుంచి కాదు. ఆ లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) ఉండాలి. పెట్టెను తొట్టికి పైన కాక పక్కన బిగించి, తీగ వెంట జారే నీటిబొట్టు ప్లగ్గుకు చేరకుండా తీగను కిందికి వేలాడదీసి పైకి తేవాలి. పంపు కలిపే ముందు దాని స్థానంలో ఒక బల్బు పెట్టి, మిట్టమధ్యాహ్నపు వేడిలో ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి విరామాన్ని గడియారంతో సరిచూడండి.