యాంటీబాడీ కొనే ముందు ఏ డేటాబేస్ చూడాలి?

ల్యాబ్‌లో ఒక ప్రొటీన్‌ని పట్టుకుని చూపించడానికి యాంటీబాడీలు వాడతాం. ఒకే ప్రొటీన్‌కి కేటలాగుల్లో డజన్ల కొద్దీ యాంటీబాడీలుంటాయి. ఒక్కో వయల్ ఖరీదు వేలల్లో. ఆర్డర్ పెట్టాక అది వేరే ప్రొటీన్‌ని పట్టుకుంటోందని తెలిస్తే డబ్బే కాదు, నెలల పని పోతుంది.

చాలామంది ముందు తెరిచేది సైట్‌ఎబి (CiteAb) అనే వెబ్‌సైట్. ఏ యాంటీబాడీని ఎన్ని పేపర్లలో వాడారో లెక్కగట్టి, ఆ వరుసలో చూపిస్తుంది. చిక్కంతా ఆ వరుసతోనే. పైన ఉన్నదాన్నే అందరూ కొంటారు, కాబట్టి అది ఇంకా పైకి పోతుంది. 2019లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం ఏఎల్‌ఎస్ అనే నరాల వ్యాధితో ముడిపడ్డ సి9ఓఆర్‌ఎఫ్72 ప్రొటీన్‌కి అమ్ముతున్న 16 యాంటీబాడీలను పరీక్షించింది. జీన్ తీసేసిన కణాల్లో (నాకౌట్ అంటారు) ఆ ప్రొటీన్ ఉండదు, కాబట్టి దాన్ని చూపే గీత (బ్యాండ్) మాయమవాలి కదా! పేరున్న పేపర్లలో బాగా వాడినవి కూడా ఈ పరీక్షలో తప్పాయి.

ఆ పద్ధతినే పెద్దఎత్తున చేస్తున్నది ఐకరస్ (స్పెల్లింగ్ మాత్రం వై-సి-హెచ్-ఎ-ఆర్-ఓ-ఎస్, వెతికేటప్పుడు అలాగే కొట్టాలి). వేర్వేరు కంపెనీల యాంటీబాడీలను పక్కపక్కన పెట్టి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి చూడటం), ఇమ్యునోప్రెసిపిటేషన్ (ద్రావణంలోంచి ప్రొటీన్‌ని బయటికి లాగడం), ఇమ్యునోఫ్లోరసెన్స్ (కణంలో ప్రొటీన్‌ని మెరిపించి చూడటం) మూడింట్లో చూసి, రిపోర్టులు ఉచితంగా పెడతారు. 2023లో 65 ప్రొటీన్లకు 614 యాంటీబాడీల ఫలితాలు ప్రచురించారు. మొత్తమ్మీద రికాంబినెంట్‌వే (తెలిసిన జీన్ నుంచి ల్యాబ్‌లో తయారుచేసినవే) మెరుగ్గా పనిచేశాయి. లోటల్లా ఒకటే: మనిషిలో ప్రొటీన్ జీన్లు దాదాపు 20,000. మీది ఆ జాబితాలో లేకపోవడానికే అవకాశం ఎక్కువ.

స్వీడన్‌లో 2003లో మొదలైన హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్ (మనిషి ప్రొటీన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే డేటాబేస్) పరిధి చాలా పెద్దది. నేనైతే దాన్ని యాంటీబాడీ ఎంచుకోవడానికి కాక కంట్రోల్ (పోలిక కోసం పెట్టే నమూనా) కోసం వాడతాను: మీ ప్రొటీన్ ఏ సెల్ లైన్‌లో (ల్యాబ్‌లో పెంచే కణాల్లో) బాగా ఉందో, ఎందులో లేదో అక్కడ ఆర్‌ఎన్‌ఏ డేటాతో సహా దొరుకుతుంది. 'అన్‌సర్టెన్' అని గుర్తు పెట్టిన ఫలితాన్ని మాత్రం నమ్ముకోవద్దు.

నా ఓటు ఐకరస్‌కే. అందులో మీ ప్రొటీన్ లేకపోతే సైట్‌ఎబికి వెళ్లండి, కానీ సైటేషన్ల సంఖ్య చూసి ఆగకండి. ఆ పేపర్లు తెరిచి, నాకౌట్ కంట్రోల్ పెట్టిన ఫిగర్ కోసం వెతకండి. అదీ మీరు చేయబోయే ప్రయోగంలోనే ఉండాలి. బ్లాట్‌లో చక్కగా వచ్చింది టిష్యూ సెక్షన్‌లో రావాలని లేదు. పాలీక్లోనల్ (జంతువు రక్తం నుంచి తీసే, పలు యాంటీబాడీల మిశ్రమం) అయితే లాట్ (తయారీ బ్యాచ్) నంబర్ కూడా రాసిపెట్టుకోండి, లాట్ మారితే తీరూ మారొచ్చు.

యాంటీబాడీ రిజిస్ట్రీని ఈ పోటీలో కలపను. అది మంచిచెడ్డలు చెప్పదు, 'ఎబి'తో మొదలయ్యే గుర్తింపు సంఖ్య ఇస్తుంది, అంతే. పేపర్ రాసేటప్పుడు మెథడ్స్‌లో కంపెనీ పేరుతో సరిపెట్టకుండా ఆ సంఖ్య కూడా ఇవ్వండి.