బీటా టెస్టర్లు ఎవరికి ప్రతినిధులు? ప్లే కన్సోల్ టెస్టింగ్ ట్రాక్‌లపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

ఆండ్రాయిడ్ యాప్‌ని జనంలోకి వదిలే ముందు ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు ప్లే స్టోర్‌కి యాప్‌లు పంపే గూగుల్ సైట్) మూడు మెట్లుంటాయి, వీటినే ట్రాక్‌లంటారు: ఇంటర్నల్, క్లోజ్డ్, ఓపెన్ టెస్టింగ్. తెలుగు వాడుకరులు ఎక్కువగా ఉన్న యాప్‌లకి ఈ మూడింటినీ చాలాకాలంగా వాడాక ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. క్రాష్‌లు పట్టుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. మామూలు మనిషి చేతిలో యాప్ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం వీటిని నమ్ముకోకూడదు. అసలు చిక్కు, టెస్టింగ్‌కి పిలిచే లింకు నొక్కి చేరే బీటా టెస్టర్లు (విడుదలకి ముందే యాప్ వాడి చూసేవాళ్లు) ఎవరన్నదాంట్లో ఉంది.

ఇంటర్నల్ ట్రాక్‌కి వంక పెట్టడానికేమీ లేదు. 100 మంది దాకా చేర్చవచ్చు, బిల్డ్ (పరీక్షకి తయారుచేసిన యాప్ వెర్షన్) త్వరగా చేతికొస్తుంది. క్లోజ్డ్ ట్రాక్‌లోకి ఈమెయిల్ జాబితాతోనో గూగుల్ గ్రూప్‌తోనో పిలవాలి, ఓపెన్ ట్రాక్‌లోకి ఎవరైనా రావచ్చు. టెస్టర్లు రాసే అభిప్రాయం స్టోర్‌లో బయటికి కనిపించదు, డెవలపర్‌కి మాత్రమే చేరుతుంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తారు. ఇది నిజంగా మంచి ఏర్పాటు.

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకి ఇంకో నిబంధన ఉంది. యాప్‌ని అందరికీ విడుదల చేయాలంటే ముందు క్లోజ్డ్ టెస్ట్‌లో కనీసం 12 మంది వరుసగా 14 రోజులు ఉండాలి. మొదట్లో ఈ సంఖ్య 20, తర్వాత తగ్గించారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పన్నెండు మందిని సంపాదించలేక చాలామంది ‘నా యాప్ నువ్వు చూడు, నీ యాప్ నేను చూస్తా’ అనే గ్రూపుల్లో చేరుతున్నారు. అలా వచ్చేవాళ్లంతా తోటి డెవలపర్లే. రోజుకోసారి యాప్ తెరిచి మూసేస్తారు. నిబంధన పూర్తవుతుంది, వాడుకరి గురించి తెలిసేది మాత్రం సున్నా.

పైగా 12 అనే సంఖ్య ఎంత చిన్నదో లెక్క వేస్తేనే తెలుస్తుంది. పన్నెండు మందిలో ఒక్కరికీ ఒక తప్పు ఎదురవలేదనుకుందాం. అయినా అసలు జనంలో 22 శాతం మందికి దాకా అది ఎదురయ్యే అవకాశాన్ని, 95 శాతం నమ్మకంతో చూసినా, కొట్టిపారేయలేం. 100 మందితో ఆ హద్దు సుమారు 3 శాతానికి, 300 మందితో 1 శాతానికి దిగుతుంది. ఇదంతా టెస్టర్లని జనంలోంచి లాటరీ తీసినట్టు ఎంచుకున్నప్పటి లెక్క. తమంతట తామే చేరినవాళ్ల విషయంలో ఈ మాత్రం భరోసా కూడా లేదు. ఓపెన్ ట్రాక్‌లో వేలమంది ఉన్నా నమూనా ఇలా ఒకవైపుకి వాలిపోవడం తీరదు, ఎందుకంటే అందరూ ఒకే వైపునుంచి వస్తారు.

ఆ వాలు ఎక్కువగా దెబ్బతీసేది అప్‌డేట్‌ల దగ్గర. బీటా టెస్టర్ ప్రతి బిల్డ్‌నీ వెంటనే వేసుకుంటాడు, 11వ వెర్షన్ నుంచి 12కి, 12 నుంచి 13కి మెట్టుమెట్టుగా వస్తాడు. ఇంట్లో వైఫై లేక, వైఫైలోనే అప్‌డేట్ అయ్యేలా ప్లే స్టోర్‌ని వదిలేసినవాళ్లు నెలల తరబడి పాత వెర్షన్ మీదే ఉండిపోతారు. ఎప్పుడో 7 నుంచి నేరుగా 13కి దూకుతారు. రూమ్ (ఫోన్‌లో డేటా దాచే ఆండ్రాయిడ్ లైబ్రరీ) డేటాబేస్ వాడే యాప్‌లో ఇలా దూకాలంటే మధ్యలోని మైగ్రేషన్లన్నీ, అంటే పాత డేటాని కొత్త నిర్మాణంలోకి మార్చే మెట్లన్నీ, కోడ్‌లో ఉండాలి. ‘పాతవి ఇక ఎందుకులే’ అని ఒక్కటి తీసేసినా యాప్ తెరవగానే కూలిపోతుంది. మైగ్రేషన్ దొరక్కపోతే డేటాబేస్‌ని చెరిపి మళ్లీ కట్టే డిస్ట్రక్టివ్ మైగ్రేషన్‌ని ఫాల్‌బ్యాక్‌గా పెట్టి ఉంటే ఇంకా ఘోరం: క్రాష్ రాదు, కానీ యాప్ ఆ డేటాబేస్‌లో దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. క్రాష్ లేదు కాబట్టి రిపోర్టూ రాదు.

దీన్ని టెస్టర్లకి వదలకుండా చేత్తోనే పరీక్షించాలి. ప్లే కన్సోల్‌లోని యాప్ బండిల్ ఎక్స్‌ప్లోరర్ పేజీలోంచి పాత వెర్షన్ సంతకం చేసిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) దించి ఫోన్‌లో వేయాలి. నాలుగు ఎంట్రీలు నమోదు చేయాలి. తర్వాత కొత్త బిల్డ్‌ని కూడా అక్కడినుంచే దించి, పాతదాన్ని తీసేయకుండా దానిమీదే వేయాలి. బిల్డ్‌ని లింకుగా పంచుకునే ఇంటర్నల్ యాప్ షేరింగ్‌తో ఈ పని కాదు. అక్కడ యాప్‌ని వేరే కీతో మళ్లీ సంతకం చేస్తారు కాబట్టి పాతదాని మీద ఎక్కదు.

పర్మిషన్లదీ ఇదే కథ. టెస్టర్ అడిగినవన్నీ ఇచ్చేస్తాడు. బయట చాలామంది భయంతో ‘వద్దు’ నొక్కుతారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే పర్మిషన్‌ని రెండుసార్లు కాదంటే సిస్టమ్ మూడోసారి అడగనివ్వదు. అప్పుడు కెమెరా బటన్ నొక్కితే ఏమీ జరగదు, వాడుకరి యాప్ పాడైందనుకుంటాడు. కొన్ని నెలలు తెరవని యాప్ నుంచి సిస్టమ్ పర్మిషన్లని వెనక్కి తీసుకోవడమూ అదే వెర్షన్‌తో వచ్చింది. రోజూ తెరిచే టెస్టర్‌కి ఆ స్థితి ఎప్పటికీ ఎదురుకాదు.

డబ్బు కట్టించే యాప్ అయితే ఐఫోన్ వైపు టెస్ట్‌ఫ్లైట్ (యాపిల్ వారి బీటా టెస్టింగ్ ఏర్పాటు) ఇంకాస్త తప్పుదారి పట్టిస్తుంది. అందులో బయటి టెస్టర్లని 10,000 మంది దాకా చేర్చవచ్చు, ఒక్కో బిల్డ్ 90 రోజులు పనిచేస్తుంది. కానీ యాప్ లోపలి కొనుగోళ్లన్నీ ఉత్తుత్తివే, రూపాయి కదలదు. ఊరికే వచ్చేదాన్ని నొక్కినవాళ్ల లెక్క చూసి ధర నిర్ణయించకూడదు. ప్లేలో లైసెన్స్ టెస్టర్ల (డబ్బు కట్టకుండా కొనుగోళ్లని పరీక్షించేవాళ్ల) జాబితాలో లేనివాళ్లకి నిజంగానే డబ్బు కట్ అవుతుంది. ఈ ఒక్క విషయంలో ప్లే వైపు లెక్కే నమ్మదగ్గది.

ఇక తెలుగు. తెలుగువాళ్లయిన టెస్టర్లలోనే ఫోన్‌ని ఇంగ్లీషులో పెట్టుకునేవాళ్లు ఎక్కువ. కాబట్టి తెలుగు టెస్టర్లు ఉన్నారంటే తెలుగు స్క్రీన్లు పరీక్షించినట్టు కాదు. వరస ఎత్తుని గట్టిగా బిగించేసినా, ఫాంట్ ప్యాడింగ్ (అక్షరాల పైనా కిందా వదిలే ఖాళీ) తీసేసినా వత్తులు కింద తెగిపోతాయి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అనే మూడు మాటలు ప్రతి బటన్ మీదా వేసి, అక్షరాల సైజు 200 శాతానికి పెంచి చూస్తే చాలు, లోపాలన్నీ బయటపడతాయి. ఆండ్రాయిడ్ 14 అంత సైజు దాకా పెంచనిస్తుంది, కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్లు పెంచుకుంటారు కూడా.

అక్షరాల విషయంలో పెద్ద కంపెనీల బీటాలూ జల్లెడలే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపం ఒకటి ఐఫోన్ యాప్‌లని కూల్చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జకారం, పొల్లు, ఞకారం తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి పడితే ఐఓఎస్ 11.2.5లో అక్షరాలు అమర్చే కోర్‌టెక్స్ట్ తట్టుకోలేకపోయింది. అప్పటికి నడుస్తున్న 11.3 బీటాలో ఆ తప్పు లేదు. అంటే బీటా వేసుకున్న ఉత్సాహవంతులు క్షేమం, మామూలు వెర్షన్ మీదున్న కోట్లమందికి చిక్కు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చాకే అది తీరింది.

టెస్టర్ సరైన తప్పుని చూసినా అది పైకి రాకపోవచ్చు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి ఫైళ్లు చెరిపేసింది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి మళ్లించి, పాత చోట కూడా ఫైళ్లు మిగిల్చుకున్నవాళ్లవి పోయాయి. కొద్ది రోజుల్లోనే విడుదల ఆపి, నవంబర్ 13న మళ్లీ ఇచ్చారు. విచారం ఏమిటంటే, ఇన్‌సైడర్ టెస్టర్లు (విండోస్‌ని విడుదలకి ముందే వాడి చూసేవాళ్లు) కొందరు ముందే ఈ నష్టం గురించి ఫీడ్‌బ్యాక్ హబ్‌లో (మైక్రోసాఫ్ట్‌కి ఫిర్యాదులు పంపే యాప్) రాశారు. ఆ ఫిర్యాదులకి మిగతా వాడుకరుల ఓట్లు తక్కువ పడటంతో ఎవరి దృష్టికీ రాలేదు. ఆ తర్వాతే ఫిర్యాదులో తీవ్రత ఎంతో చెప్పే గడి చేర్చారు. ఓట్ల వరసలో చూస్తే, వందమందికి నచ్చని రంగు ఒక్కరికి పోయిన ఫైళ్లని మించిపోతుంది. అందుకే క్లోజ్డ్ ట్రాక్‌లో వచ్చే ఫిర్యాదులని ఎంతమంది అన్నారని కాకుండా ఏం పోయిందనే వరసలో చదవాలి: ముందు డేటా, తర్వాత డబ్బు, తర్వాత లాగిన్, మిగతావన్నీ ఆ తర్వాత.

మామూలు జనానికి ప్లేలో దొరికే నిజమైన నమూనా స్టేజ్డ్ రోలవుట్, అంటే మెట్లవారీ విడుదల. అప్‌డేట్‌ని ఒక శాతం మందికే ఇవ్వవచ్చు, వాళ్లని ప్లే యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. బీటా మీద పెట్టే శ్రద్ధలో సగం దీనికి పెట్టాలని మా గట్టి అభిప్రాయం. 1, 5, 20, 50, 100 శాతం అనే వరస బాగా పనిచేస్తుంది. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు రోజులు ఆగాలి, ఎందుకంటే మొదటి గంటల్లో అప్‌డేట్ అందుకునేవి వైఫైలో, చార్జింగ్‌లో ఉన్న ఫోన్లే. వైటల్స్‌లో (యాప్ ఆరోగ్యం చూపే ప్లే కన్సోల్ విభాగం) వాడుకరికి తగిలిన క్రాష్‌ల రేటు 1.09 శాతం, ఏఎన్‌ఆర్ (యాప్ స్పందించకుండా బిగుసుకుపోవడం) రేటు 0.47 శాతం దాటితే స్టోర్‌లో యాప్ వెనక్కి పోతుంది. ఒక్క ఫోన్ మోడల్ మీద 8 శాతం దాటినా ఆ మోడల్ వాళ్లకి తక్కువగా కనిపిస్తుంది. సగటు చూసి తృప్తిపడకుండా మోడల్ వారీగా, ఆండ్రాయిడ్ వెర్షన్ వారీగా విడదీసి చూడాలి. 2 జీబీ ర్యామ్ ఫోన్ల బాధ సగటులో కలిసిపోయి కనిపించదు.

స్టేజ్డ్ రోలవుట్‌కీ హద్దులున్నాయి. మొట్టమొదటి విడుదలకి ఇది వర్తించదు. వాడుకరులు మరీ తక్కువుంటే వైటల్స్‌లో అంకెలే కనిపించవు. తప్పు బయటపడి ఆపేసినా, అప్పటికే అందుకున్నవాళ్లు ఆ పాడు వెర్షన్ మీదే ఉంటారు, వెనక్కి తెచ్చే దారి లేదు. పాత కోడ్‌నే ఇంకా పెద్ద వెర్షన్ నంబరుతో మళ్లీ బిల్డ్ చేసి పంపాలి. డేటాబేస్ నిర్మాణం మారి ఉంటే పాత కోడ్ కొత్త డేటాని తెరవలేదు, కాబట్టి ఒక శాతం మెట్టు ఎక్కేముందే ఆ బిల్డ్‌ని సిద్ధం చేసి, కొత్త వెర్షన్ మీద వేసి చూసుకోవాలి.