180 అంటే 205: అంజీర బిస్కెట్ల కోసం కొన్న ఓవెన్

కరెంటు లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి రిటైరైనవాణ్ణి. వంటింటి సామాను గురించి రాయడం ఇదే మొదలు. ఆకివీడు దగ్గర మా ఊళ్లో నాలుగు నెలలుగా 28 లీటర్ల ఓవెన్ ఒకటి వాడుతున్నాను. 1500 వాట్లు, పైన రెండు కడ్డీలు, కింద రెండు. 6,400 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయను. నా చేతికొచ్చిన ఒక్కదాన్ని చూసి మొత్తం కంపెనీని అనడం న్యాయం కాదు.

కొన్నది ఒక్క పనికే. మసాచుసెట్స్‌లో ఉండే మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు అంజీర ముద్ద పెట్టిన బిస్కెట్లు తెచ్చింది. పేరు ఫిగ్ న్యూటన్. చెట్టు కింద కూర్చున్న న్యూటన్ అనుకున్నాను. కాదట, వాళ్లుండే వైపు న్యూటన్ అనే ఊరుంది, దాని పేరు పెట్టారట. 1891 నుంచీ వస్తున్న సరుకు. గరాటులో గరాటు దూర్చిన యంత్రంతో చేసేవారు. లోపలి గరాటు నుంచి పండు ముద్ద, బయటి దాన్నుంచి పిండి ఒకేసారి దిగుతాయి. కాకినాడ గొట్టం కాజా తిన్నవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. మనవడు రెండు రోజుల్లో పొట్లం ఖాళీ చేసి "తాతయ్యా, నువ్వు చేయగలవా?" అన్నాడు. ఊరుకోలేక చేస్తానన్నాను.

పెట్టె విప్పగానే రెండు లోపాలు కనబడ్డాయి. రెండు జాలీలు ఉంటాయని రాసిన చోట ఒకటే ఉంది. తీగ మీటరు పొడవు కూడా లేదు. దీనికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, మంచి ఎర్తింగ్ కావాలి. మిక్సీ పెట్టుకునే సాకెట్‌లో దూర్చడానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతకకండి. బోర్డు కాలిపోయాక పిలిస్తే వెళ్లి చూసిన ఇళ్లు నాకు చాలానే తెలుసు. గోడకు జానెడు దూరంలో పెట్టండి, పక్కలు బాగా కాలుతాయి. మొదటి వారంలోనే, మా ఆవిడ పాల లెక్క రాసుకునే క్యాలెండరు పక్కన వేలాడుతూ సగం గోధుమరంగుకు తిరిగింది.

అసలు గొడవ వేడితో. నాబ్ 180 దగ్గర పెట్టి లోపల చిన్న థర్మామీటరు ఉంచితే 205 చూపించింది. మూడు రోజులు చూశాను, అదే వరస. ఇప్పుడు నాబ్ 155 దగ్గర పెడితే నాకు కావలసిన 180 వస్తోంది. కుడి వైపు వెనక మూల మరీ ఎక్కువ కాబట్టి సగంలో పళ్లేన్ని తిప్పాలి. మధ్యలో కడ్డీల ఎరుపు తగ్గి ఆరిపోతే పాడైందని కంగారు పడకండి. వేడి సరిపోగానే కరెంటు కట్ చేసి, తగ్గగానే మళ్లీ ఇవ్వడం థర్మోస్టాట్ పని.

ఇంకొకటి ఓవెన్ తప్పు కాదు, మా ఊరి సంగతి. సాయంత్రం రొయ్యల చెరువుల మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగడం మొదలైతే, అదే ఫీడరు (కరెంటు తెచ్చే లైను) మీద ఉన్న మా ఇంట్లో 230 ఉండాల్సిన ఓల్టేజీ 200కు దిగుతుంది. వేడి ఓల్టేజీ వర్గాన్ని, అంటే ఓల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి తగ్గుతుంది. అంటే 1500 వాట్ల ఓవెన్ 1135 వాట్ల పనే చేస్తుంది. పొద్దున పది నిమిషాల్లో వేడెక్కేది రాత్రి పదిహేను దాటినా ఎక్కదు. తలుపు ఒకసారి తీస్తే మళ్లీ కోలుకోవడం కష్టం. అందుకే నా బిస్కెట్లన్నీ ఉదయం పూటే.

అంజీర పావుకిలో. దండ గుచ్చి అమ్మే అఫ్గాన్ రకం తీసుకుంటాను. తొడిమ గట్టిగా ఉంటుంది, గిల్లేయాలి. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, యాభై గ్రాముల బెల్లం, చెంచాడు నిమ్మరసం వేసి రుబ్బి, అడుగంటకుండా దగ్గరకు ఉడికించాలి. గరిట నిలబడాలి. పిండికి మైదా పావుకిలో, వెన్న 120 గ్రాములు, పంచదార వంద గ్రాములు, ఒక గుడ్డు, అర చెంచా బేకింగ్ పౌడర్. ఎండాకాలం మా వంటింట్లో ఈ పిండి చేతికి చందనంలా అంటుకుపోతుంది. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచకపోతే ఒత్తలేరు. నాలుగంగుళాల వెడల్పు పట్టీలా ఒత్తి, మధ్యలో ముద్ద పరిచి, రెండు వైపుల నుంచీ మూసి, అతుకు కిందికి పెట్టాలి. అది చూసి మా ఆవిడ "ఇదేమండీ, కజ్జికాయను పడుకోబెట్టారు?" అంది.

మొదటిసారి పై కడ్డీలూ కింది కడ్డీలూ కలిపి వెలిగించాను. పైన మాడింది, లోపల పచ్చి. ఇప్పుడు పదిహేను నిమిషాలు కింది కడ్డీలే, చివరి మూడు నిమిషాలు పైవి కూడా. రెండోసారి రంగు బాగా వచ్చింది గానీ, మామూలు బిస్కెట్లలా గాలికి ఆరబెట్టడంతో పెంకులా గట్టిపడ్డాయి. కిటుకు మా అమ్మాయి ఫోనులో చెప్పింది. పొగలు కక్కుతుండగానే ముక్కలు కోసి, గుడ్డ పరిచిన స్టీలు డబ్బాలో పేర్చి మూత పెట్టేయాలి. తన ఆవిరికి తానే మెత్తబడుతుంది. మూత తీస్తే లోపలివైపు చెమట పట్టినట్టు బొట్లు కనబడాలి, పిండి వేలికి కేకులా నొక్కుకోవాలి. మా గాలి తేమకు కరకరలాడే బిస్కెట్ రెండో రోజుకే చప్పబడుతుంది. ఇది మెత్తగానే ఉండాలి కాబట్టి ఆ బాధ లేదు.

రెండు పళ్లేలకు గంటా పది నిమిషాలు పట్టింది, మీటరు ఒక యూనిట్‌కు కాస్త పైన తిరిగింది. గంట మోగే టైమర్ నమ్మకమైనది. అద్దం తలుపు బిగుతుగా ఉంది. రెండో జాలీ కోసం మూడు సార్లు ఫోను చేస్తే మూడు సార్లూ ఫిర్యాదు నంబరిచ్చారు, జాలీ ఇవ్వలేదు.

కొనవచ్చు, కానీ ముందు థర్మామీటరు కొనండి. అయిదుకు నేను మూడున్నర ఇచ్చాను. మా ఆవిడ మూడే ఇమ్మంటోంది, క్యాలెండరుతో పాటు రెండు వారాల పాల లెక్క పోయిందని.