గాయత్రి జలపాతం: కుంటాల దాకా వెళ్లేవాళ్లు దీన్ని వదిలేయకండి

ఆదిలాబాద్ జలపాతాలంటే అందరూ మొదట చెప్పేది కుంటాల, తర్వాత పొచ్చెర. రెండింటికీ కారు దాదాపు చివరిదాకా వెళ్తుంది. ఆదివారమైతే జనమూ అక్కడిదాకా వెళ్తారు. గాయత్రి జలపాతం కూడా కుంటాల ఉన్న నేరడిగొండ మండలంలోనే, అదే కడెం వాగు మీద ఉంది. అయినా నిర్మల్‌లో మేం దిగిన లాడ్జిలో అడిగితే, "అక్కడికెందుకండీ, దారి కూడా ఉండదు" అన్నారు. దారి లేకపోవడమే దాన్ని ఇన్నాళ్లూ కాపాడిందని నాకనిపించింది.

బసకు నిర్మల్ నయం. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, లాడ్జిలూ ఉన్నాయి. మా లాడ్జిలో పక్క దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ, వేడినీళ్లు అడిగిన ప్రతిసారీ "ఇప్పుడే వస్తాయి" అన్న మాట మాత్రమే వచ్చింది. ఒక్క రాత్రికి ఫరవాలేదు. నిర్మల్‌కు రైలు లేదు, ఆదిలాబాద్ వెళ్లే ఆర్టీసీ బస్సులు మాత్రం నేరడిగొండ మీదుగానే పోతాయి. సొంత బండి ఉంటే పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ ఎక్కి వెళ్లండి. వానాకాలంలో ఆ మలుపుల దగ్గర ఆగకుండా వెళ్లడం కష్టం.

హైవే వదిలి తర్నం ఖుర్ద్ చేరాక బండి ఆపి నడవాలి. గైడు అనే ఉద్యోగం అక్కడెవరికీ లేదు. ఊళ్లో అడిగితే ఒక కుర్రాడు చేలో పని ఆపి మరీ వచ్చాడు. ఎంతివ్వాలంటే చెప్పడు, ఆ మొహమాటాన్ని అలుసుగా తీసుకోకుండా ఒక పూట కూలికి తగ్గకుండా ఇవ్వండి. అతను లేకపోతే ఆ దారి దొరకదు. పత్తి చేల గట్లు దాటేసరికి నల్లరేగడి మట్టి బూట్లకు అంటుకుని, కాలు ఎత్తడమే ఒక పని అవుతుంది. తర్వాత టేకు అడవి. ఆ కుర్రాడు ఒక లేత టేకాకు తుంచి అరచేతిలో నలిపి చూపించాడు. చెయ్యంతా గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడింది. మా పిల్లలకు జలపాతం కంటే అదే ఎక్కువ గుర్తుంది, ఏం చేస్తాం!

జలపాతం ముందు వినిపిస్తుంది, తర్వాత పైనుంచి కనిపిస్తుంది. అసలు నడక అక్కడే మొదలు. లోయలోకి దిగే బాటకు మెట్లు లేవు, కమ్మీలు లేవు. చెట్ల వేళ్లు పట్టుకుని, ఒక్కోచోట కూర్చుని జారుతూ దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచి చూసి ఆగిపోవడమే మేలు, పైనుంచి కూడా దృశ్యం బాగానే ఉంటుంది. దిగినవాళ్లకు మాత్రం కొండ నిలువునా కోసినట్టున్న రాతిగోడ, దాని మీదుగా పడే ధార, కింద గుండం ఒక్కసారిగా ఎదురవుతాయి. తుంపర ఎంత దూరం కొడుతుందంటే ఫోను బయటికి తీస్తే కెమెరా అద్దం తుడుచుకోవడమే సరిపోయింది. చుట్టుపక్కల వాళ్లు దీన్ని గాడిద గుండం అని కూడా అంటారు.

గుండంలోకి దిగకండి. కుంటాలలో ఈత సరదాకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, అక్కడ కనీసం హెచ్చరిక బోర్డులైనా ఉన్నాయి. ఇక్కడ అరిచినా పైకి వినపడదు. ఎగువన గట్టి వాన పడితే వాగు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఆ మాటొక్కటీ మా కుర్రాడు నవ్వకుండా చెప్పాడు.

మూడింట్లో ఏది ఎంచుకోవాలంటే, పెద్దవాళ్లతో వెళ్తే పొచ్చెర. అది వెడల్పుగా పారుతుంది, నడక తక్కువ. నీటి జోరు చూడాలంటే కుంటాల, కానీ వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. కాళ్లలో సత్తువ ఉండి, గోల వద్దనుకుంటే గాయత్రి. మూడింట్లో నేను ముందు చెప్పేది ఇదే. టీ కొట్టు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఏవీ లేవు కాబట్టి నీళ్లు, తిండి, ఒక చెత్త సంచి వెంట ఉండాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్లు బాగుంటాయి, వేసవిలో వెళ్తే రాయే మిగులుతుంది. వాన ఆగిన మర్నాడు కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి బయల్దేరితే బాట కాస్త ఆరుతుంది. పొద్దున్నే దిగడం మొదలుపెడితే మధ్యాహ్నానికి పైకి వచ్చేయొచ్చు, సాయంత్రం పొచ్చెర కూడా చూడొచ్చు.