మందు సీసా కంటే ముందు మైక్రోస్కోపు: శ్రీకాకుళంలో ఒక ఉప్పునీటి చేపల దుకాణం

శ్రీకాకుళం పట్టణంలో మంచినీటి రంగు చేపలు అమ్మే దుకాణాలు చాలానే ఉన్నాయి. ఉప్పునీటి చేపలు అమ్మడంతో ఆగకుండా, వాటికి పట్టే పరాన్నజీవులను మైక్రోస్కోపు కింద చూసి ఇదీ జబ్బు అని తేల్చి చెప్పే చోటు మాత్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఏడు రోడ్ల కూడలికి కొద్ది దూరంలో, ఒక మేడ మీద, చెప్పుకోదగ్గ బోర్డు కూడా లేకుండా ఇది నడుస్తోంది. యజమాని పూర్వం రొయ్యల చెరువుల రైతులకు పరీక్షలు చేసే ఒక ఆక్వా ల్యాబులో పనిచేశారు కనుక, గాజు పలక మీద జీవకణాన్ని గుర్తుపట్టడం ఆయనకు కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. చేపల ధరలు, ట్యాంకుల అందచందాలు పక్కన పెట్టి, ఆయన చేసే పరీక్ష గురించీ, క్వారంటైన్ సేవ గురించీ మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

చేప ఒంటి మీద తెల్లటి చుక్కలు కనిపించగానే చాలామంది కొట్టుకు వెళ్లి "చుక్కలకు మందు ఇవ్వండి" అని అడుగుతారు. ఈ దుకాణంలో ఆ మాటకు వెంటనే సీసా చేతికి రాదు. ఇందుకు కారణం సబబైనదే. పెంపకందార్లు ఇక్ అని పిలిచే జబ్బుకు మూలం క్రిప్టోకారియాన్ ఇరిటన్స్ అనే ఏకకణ జీవి. దాని చుక్కలు ఉప్పు రేణువుల్లా విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా ఉంటాయి. అది చేప చర్మంలో మూడు నుంచి ఏడు రోజులు మేసి, రాలిపడి, ట్యాంకు అడుగున తిత్తి కట్టుకుని, అందులో విభజన చెంది, ఈదే పిల్ల జీవులుగా తిరిగి బయటికి వస్తుంది. అందువల్ల మధ్యలో కొన్ని రోజులు చుక్కలు మాయమై జబ్బు తగ్గిందన్న భ్రమ కలుగుతుంది, ఆ రోజుల్లో ఏ మందు వాడితే ఆ మందుకు పేరు వస్తుంది. వెల్వెట్ అనే మరో జబ్బుకు కారణమైన అమైలూడీనియం తరచుగా ముందు మొప్పలనే పట్టుకుంటుంది. ఒంటి మీద సన్నని ధూళి కంటికి కనిపించే నాటికి చేప వెలుతురు తప్పించుకుంటూ, పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడి రొప్పుతూ ఉంటుంది, కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. క్లౌన్ చేపలను ఎక్కువగా బాధించే బ్రూక్లినెల్లా సోకితే ఒంటి జిగురు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. మొదటి రెంటికీ పనిచేసే కాపర్ (రాగి మందు) దీనికి పనిచేయదు, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) కావాలి. చర్మం మీదా మొప్పల మీదా పాకే ఫ్లూక్ పురుగులకు ఈ రెండూ కాక ప్రాజిక్వాంటెల్ వాడాలి.

పరీక్ష జరిగే తీరు నాకు నచ్చింది. చేపను దాని ట్యాంకు నీటిలోనే ఉంచి, తడిపిన తొడుగులతో పట్టుకుని, కవర్ స్లిప్ అనే పలుచని గాజు బిళ్ల అంచుతో పక్క రెక్క వెనక నుంచి తోక వైపుగా ఒంటి జిగురును సుతారంగా గీకి తీస్తారు. గాజు పలక మీద మంచినీరు కాక అదే ఉప్పునీటి చుక్క వేస్తారు, ఎందుకంటే మంచినీరు తగిలితే మనం వెతుకుతున్న జీవే దెబ్బతింటుంది. ఆలస్యం చేయకుండా అప్పటికప్పుడే చూస్తారు, తెర మీద మనకూ చూపిస్తారు. నా పౌడర్ బ్లూ ట్యాంగ్ జిగురులో ముదురు రంగు గుండ్రటి జీవి ఒకటి నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతూ కనిపించింది, అది ఇక్. ఈ చేప హిందూ మహాసముద్రపుదే అయినా ఇక్ సోకడంలో దానికి పెద్ద పేరుంది. అదే వారంలో మరొకరు తెచ్చిన క్లౌన్ జంట జిగురులో, మూత్రపిండం ఆకారంలో ఉన్న చిన్న జీవులు చురుగ్గా పాకుతూ ఉన్నాయి. ఆయన ఆ రెండిటికీ వేర్వేరు మందులు చెప్పారు. పరీక్ష రుసుము ఎందుకు ఇవ్వాలో నాకు అక్కడే అర్థమైంది. ఫ్లూక్‌ల అనుమానం ఉంటే, ఉష్ణోగ్రత, పీహెచ్ సరిచూసిన మంచినీటిలో చేపను సుమారు ఐదు నిమిషాలు ముంచుతారు; పురుగులు తెల్లబడి పాత్ర అడుగున రాలితే సందేహం తీరిపోతుంది.

ఇక క్వారంటైన్ సంగతి. ఇసుక, రాయి లేని గాజు ట్యాంకులు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, స్పాంజి ఫిల్టరు, ఇంతే. సున్నపు రాయి, ఇసుక కాపర్‌ను పీల్చుకుని మోతాదును తలకిందులు చేస్తాయి కనుక ఈ వెలితి అవసరమే. ఇక్‌కు చీలేటెడ్ కాపర్‌ను, అంటే మరో రసాయనంతో బంధించిన రాగిని, లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల మధ్య ముప్పై రోజుల పాటు నిలబెడతారు. అలా బంధించని అయానిక్ కాపర్ అయితే 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు చాలు. ఈ రెండు లెక్కలనూ కలగాపులగం చేసినవాళ్ల చేపలు జబ్బుతో కాక మందుతోనే పోతాయి. అందుకే రంగు కాగితంతో సరిపోల్చడం మాని, డిజిటల్ మీటరుతో రోజూ కొలిచి పుస్తకంలో రాస్తున్నారు. మోతాదును ఒక్కసారిగా పోయకుండా, చేప మేత తింటున్నదో లేదో గమనిస్తూ కొన్ని రోజుల్లో మెల్లగా పెంచుతారు. అమ్మోనియా పెరిగితే నీరు మారుస్తారు, కొత్త నీటిలోనూ అంతే కాపర్ కలిపి మరీ పోస్తారు. కాపర్‌ను తట్టుకోలేని మాండరిన్ వంటి చేపలకు, ఇక్ విషయంలో మాత్రమే, 72 గంటలకొకసారి ఆరబెట్టిన మరో ట్యాంకులోకి మార్చే పద్ధతి పాటిస్తారు. ఓపిక ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లోనూ చేసుకోవచ్చు.

మా జిల్లాలో ఇలాంటి సేవను నిలబెట్టడం తేలిక కాదు. వేసవిలో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, ఫార్మలిన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆ సమయంలో కరెంటు పోతే మొప్పలు దెబ్బతిన్న చేపకు మిగిలేది నిమిషాలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. ఇక్కడ ఇన్వర్టరుతో పాటు బ్యాటరీ గాలి పంపులు కూడా సిద్ధంగా ఉండడం నేను చూశాను. నీటి విషయంలోనూ పట్టుదల ఉంది: కళింగపట్నం నుంచి డబ్బాల్లో సముద్రపు నీరు తెచ్చుకునేవాళ్లను ఆయన గట్టిగానే వారిస్తారు. అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది, వానాకాలంలో ఆ నీటి ఉప్పదనం ఎంతకు దిగుతుందో చెప్పలేం. ఉప్పదనం తగ్గితే ఇక్ చస్తుంది కదా అని వాదించేవాళ్లూ లేకపోలేదు. ఆ వైద్యానికి సాంద్రతను 1.009 దగ్గర కదలకుండా వారాల తరబడి నిలపాలి, అదీ ప్రవాళాలు (పగడపు జీవులు) లేని ట్యాంకులో. పైగా వెల్వెట్ దానికి లొంగదు.

ఇంత చేసే మనిషి దుకాణంలో, గల్లా పెట్టె పక్కనే "రీఫ్ సేఫ్" (ప్రవాళాలకు హాని చేయదు) అని రాసిన వెల్లుల్లి రసం సీసాలు వరుసగా పెట్టి అమ్మడం నాకు మింగుడుపడలేదు. కాపర్, ఫార్మలిన్ రీఫ్ ట్యాంకులో, అంటే ప్రవాళాలు పెంచే ట్యాంకులో, పోస్తే ప్రవాళాలు, నత్తలు, రొయ్యలు చస్తాయన్నది నిజమే. అలాగని వాటికి హాని చేయని సీసా ఏదో ఇక్‌ను ట్యాంకులోంచి పూర్తిగా తొలగిస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. యూవీ దీపం కూడా ఈదే దశలోని జీవులను కొంత తగ్గించగలదే గానీ తిత్తుల జోలికి పోలేదు. చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా వదిలేయడమే నమ్మదగిన మార్గం. 72 రోజుల తర్వాత కూడా తిత్తి పగిలి పిల్ల జీవులు బయటికి వచ్చినట్టు నమోదై ఉంది, లెక్క అక్కడి నుంచే వచ్చింది. అడిగితే యజమాని కూడా ఇదే చెబుతారు. అడగనివాళ్లు మాత్రం సీసా కొనుక్కుని వెళ్లిపోతారు. గట్టి ప్రవాళాలు అమ్మకపోవడం మాత్రం మెచ్చుకోదగ్గదే, వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.

మరో లోపం రాతపూర్వక సూచనలు ఇవ్వకపోవడం. ప్రాజిక్వాంటెల్ ఫ్లూక్‌ల గుడ్లను చంపదు, గుడ్లు పొదిగాక రెండో మోతాదు వేయాలి. నా దగ్గరున్న మరో చేపను అప్పగించేటప్పుడు ఆ సంగతి నేను అడిగాకే చెప్పారు. కాపర్ పుస్తకం కూడా అడిగితేనే చూపిస్తారు. క్వారంటైన్ ట్యాంకులు కొద్దిగానే ఉన్నందువల్ల కొత్త సరుకు దిగిన వారంలో బయటివాళ్ల చేపలకు చోటు దొరకదు. పరీక్షకు 300 రూపాయలు తీసుకుంటారు. క్వారంటైన్ ఖర్చు చేప పరిమాణాన్ని బట్టి ఉంటుంది, సాధారణ క్లౌన్ విషయంలో అది చేప ధరనే మించిపోతుంది. ఖరీదైన ట్యాంగ్‌లు ఉన్నవాళ్లకూ, కొత్త చేపను నేరుగా రీఫ్ ట్యాంకులో వదలడానికి ధైర్యం చాలనివాళ్లకూ ఈ ఖర్చు దండగ కాదు.

వెళ్లదలచినవాళ్లు చేపను దాని ట్యాంకు నీటిలోనే, బ్యాటరీ గాలి పంపు పెట్టి, ఎండ ముదరకముందే తీసుకెళ్లాలి. చేప చనిపోయిన కాసేపటికే పరాన్నజీవులు దాన్ని వదిలిపోతాయి కనుక, రాత్రి చనిపోయిన దాన్ని పొద్దున్నే తెస్తే పరీక్షించరు, ఆ పేరున రుసుమూ తీసుకోరు.