నిజాంసాగర్ కట్ట మీద ఒక పూట

మేం పటాన్‌చెరు వాళ్లం. ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది మంజీర నీళ్లే. ఆ మంజీర మీదే కట్టిన నిజాంసాగర్‌ను మాత్రం నలభై ఏళ్లు దాటాక, మొన్న సెప్టెంబరులో చూశాను. మామయ్యది బోధన్ వైపు. "నీళ్లు నిండినయంట, పోదాం పాండ్రి" అని ఆయనే బయల్దేరదీశారు.

పొద్దున ఆరింటికి కారు తీశాం. నర్సాపూర్ అడవి దాటి మెదక్‌లో టిఫిన్, అక్కడి నుంచి ఎల్లారెడ్డి దారిలో పోచారం. 1922లో పూర్తయిన చిన్న ప్రాజెక్టు. మత్తడి దూకుతుంటే పిల్లలు ఇక రామన్నారు. ఫొటోలకైతే ఇదే మేలు. రాళ్ల మీద నాచు ఉంటుంది, దిగకండి. ఇక్కడ దూకిన నీళ్లూ చివరికి నిజాంసాగర్‌కే చేరతాయి.

నిజాంసాగర్ చూడగానే ఆకట్టుకోదు, నడిస్తేనే తెలుస్తుంది. కట్ట దాదాపు మూడు కిలోమీటర్లు, పైన 14 అడుగుల దారి. నిజాం కాలపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం జరుపుతున్నారు. ఒకచోట వంగి రాయి తడిమాను, ఉలి గాట్లు ఇంకా వేలికి తగులుతున్నాయి. కట్ట గట్టిగానే ఉంది, పూడింది కడుపే. మొదట 29.72 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 17.8.

"గీ నీళ్లను చూసే మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన్రు" అన్నారు మామయ్య. 1937 నాటి ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తిండికి భయం లేదు. కట్ట దగ్గర పాకలో ఒకావిడ రవ్వ చేపను తూకం వేసి, మా ముందే కోసి, కారం పట్టించి పెనం మీద వేసింది. అంచులు కరకరలాడాయి. గంట పట్టింది, ముళ్లూ ఎక్కువే, అయినా ఇంకో కిలో చెప్పాం. మరుగుదొడ్డి సంగతే దారుణం. తలుపుకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అత్తయ్య ఎల్లారెడ్డి దాకా ఓర్చుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే ముందే ఎల్లారెడ్డిలో ఆగి వెళ్లండి.

రాత్రి బసకు మెదక్ నయం. మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గీజరే పనిచేయలేదు. అడిగితే కుర్రాడు బకెట్‌తో వేడినీళ్లు మూడో అంతస్తుకు మోసుకొచ్చాడు. లిఫ్ట్ లేదు, పాపం.

తెల్లారి చర్చి చూసుకుని తిరుగుముఖం పట్టాం. నర్సాపూర్ దాటుతుంటే మామయ్యకు ఫోన్, మంజీర మీదే ఎగువన ఉన్న సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తారట. ఫోన్ జేబులో పెట్టుకుంటూనే, "కారు మలుపు" అన్నారు.